చివరి ఆయకట్టుకు చేరని మాట



కర్నూలు, కడప ప్రాంతాల వారికి కె.సి. కాలువను కొత్తగా పరిచయం చేయనవసరం లేదు. పంతొమ్మిదవ శతాబ్దంలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించిన ఆ కాలువ సుంకేశుల వద్ద తుంగభద్రను విడిచి, సుమారు 300 కిలోమీటర్లు నడిచి కడప వైపు సాగుతుంది. మన మెట్టసీమలో నీటి విలువ ఎరుగనివారు లేరు. కాలువ మొదట ఉన్న పొలం తడుస్తుంది. చివరి ఆయకట్టు రైతు మాత్రం ఆకాశం వైపు చూస్తూ ఉంటాడు. అప్పుడు ఊరి పెద్దలు ఏమంటారు? ఆ రైతుకు నీటి మీద ఆసక్తి లేదంటారా? అనరు. ఎక్కడ పూడిక పేరుకున్నదో, ఎక్కడ జమ్ము పెరిగినదో, ఏ తూము మూసుకుపోయినదో వెదకుతారు. పార చేతబట్టి కాలువను బాగు చేస్తారు గాని రైతును నిందించరు.

మన మహల్లాలలో జరిగే మష్వరాల విషయంలో మాత్రం మనము ఈ వివేకాన్ని మరచిపోతున్నాము. మస్జిద్‌లో సమాలోచనకు పిలుపునిస్తాము. రెండు వందల గడపలున్న మహల్లా నుండి పదిమంది వస్తారు. ఆ పదిమందిలో నలుగురు మాట్లాడతారు. తక్కిన ఆరుగురు తల ఊపుతారు. రానివారి గురించి, వారికి దీన్ పట్ల శ్రద్ధ లేదని, సమాజం పట్ల పట్టింపు లేదని తీర్పు చెప్పి లేచిపోతాము. మేము కూడా ఆ తీర్పు చెప్పినవారమే. ఒక జుమా నాడు మింబర్ మీద నుండే చెప్పినాము. అది తప్పుడు తీర్పని మాకు తెలియజేసినది ఏ గ్రంథమూ కాదు. కుట్టు మిషన్ మీద బ్రతుకు వెళ్ళదీస్తున్న ఒక వితంతు సోదరి.

ఆ సంవత్సరం వేసవిలో మా మహల్లా బైతుల్‌మాల్ నుండి, ఇంటర్మీడియట్ పూర్తిచేసిన పేద బాలికల పై చదువుకు ఫీజు సాయం చేయాలని నిర్ణయమయింది. ప్రకటన రాసే బాధ్యత మాకు అప్పగించారు. మేము దానిని సాహిత్య ఉర్దూలో, ముచ్చటైన నస్తాలీఖ్ లిపిలో రాసినాము. ఒక ప్రతిని మస్జిద్ గోడకు అంటించి, దాని ఫోటోను మహల్లా వాట్సాప్ గ్రూపులో పెట్టించినాము. గడువు పదిహేను రోజులు. వచ్చిన దరఖాస్తులు మూడు. ఆ మూడూ కమిటీతో పరిచయమున్న ఇండ్ల నుండి వచ్చినవే. సాయం చేస్తామన్నా అందుకునేవారు లేకపోయారే అని మేము మింబర్ మీద బాధపడినది అప్పుడే.

గడువు తీరిన తొమ్మిది రోజులకు ఆ సోదరి కూతురిని వెంటబెట్టుకొని మదరసా గుమ్మం దగ్గరకు వచ్చింది. పొరుగింటివారి ద్వారా ఆ సంగతి ఆమెకు అప్పుడే తెలిసిందట. “కాగితం ఫోనులో వచ్చింది కదమ్మా, చూడలేదా?” అని అడిగినాము. ఆమె తల వంచుకొని ఇలా అన్నది: “చూశాను హజ్రత్. మా ఇంట్లో మాట్లాడేది ఉర్దూయే గాని, నేను చదువుకున్నది తెలుగు బడిలో. ఆ అక్షరాలు చూసి ఏదో దుఆ అనుకున్నాను. కళ్ళకద్దుకొని ఊరుకున్నాను.”

అప్పటికే సొమ్ము పంపకం పూర్తయింది. ఆ అమ్మాయి ఆ ఏడు కాలేజీ మెట్లెక్కలేదు. తల్లి పక్కన కూర్చొని చీరలకు ఫాల్ కుట్టింది. తాను చదవలేని మా అక్షరాలను ఆ తల్లి గౌరవంతో కళ్ళకద్దుకున్నది. ఆ అక్షరాలు ఆమెకు అందుతాయా లేదా అని మేము ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆ ఏడాదికి రేపు అల్లాహ్ సన్నిధిలో ఎవరిని లెక్క అడుగుతారు? చదవలేకపోయిన ఆమెనా, చదవలేని విధంగా రాసిన మమ్మల్నా?

రాయలసీమ ముస్లిం గృహాల స్థితి మాకు తెలియనిది కాదు. అనేకుల నోట దక్కనీ ఉర్దూ పలుకుతుంది. చేతి రాత మాత్రం తెలుగు. మన దూదేకుల సోదరుల ఇండ్లలో మాట కూడా తెలుగే. ఉర్దూ పట్ల మాకు గల ప్రేమ చిన్నది కాదు. మన కర్నూలులో 2016లో డాక్టర్ అబ్దుల్ హఖ్ పేరిట ఉర్దూ విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు, 2022లో రాష్ట్ర శాసనసభ ఉర్దూను రెండవ అధికార భాషగా గుర్తించే బిల్లును ఆమోదించినప్పుడు మేము కూడా సంతోషించినాము. అయితే భాష మీద ప్రేమ వేరు, భాషను గోడగా నిలబెట్టడం వేరు. ప్రతి ప్రవక్తనూ ఆయన జాతి ప్రజల భాషలోనే పంపినట్లు, అది వారికి విషయం స్పష్టం కావడానికేనని దివ్య ఖుర్ఆన్ ఇబ్రాహీమ్ సూరా తెలుపుతున్నది. దైవ సందేశానికే ఆ నియమం ఉన్నప్పుడు, మన ఫీజు ప్రకటనకు మినహాయింపు ఎక్కడిది?

ఆ సంఘటన తర్వాత మేము మళ్ళీ హదీసు గ్రంథాలు తెరచినాము. ఏళ్ళ తరబడి విద్యార్థులకు చెప్పుకుంటూ వచ్చిన ఘట్టాలే కొత్త అర్థంతో ఎదుట నిలిచినాయి. అజాన్ ఎలా మొదలయిందో గుర్తు తెచ్చుకోండి. మదీనాలో తొలి రోజులలో ముస్లింలు నమాజు వేళను తామే అంచనా వేసుకొని చేరుకునేవారు. పిలుపు లేదు. కొందరు ముందు, కొందరు వెనుక. దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) వెనుకబడినవారిని శ్రద్ధ లేనివారని నిందించలేదు. సహాబీలతో సమాలోచన జరిపారు. గంట అని ఒకరు, కొమ్ము బూర అని ఒకరు సూచించారు. చివరకు హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జైద్ (రజి) స్వప్నంలో అజాన్ పదాలను విన్నారు. అయినా పిలిచే పని ఆయనకు దక్కలేదు. ఆ పదాలను బిలాల్ (రజి)కు నేర్పమని ఆదేశమయింది. కారణం, బిలాల్ గొంతు దూరం సాగుతుంది. కల కన్న గౌరవం ఒకరిది, వినబడే గొంతు మరొకరిది. ప్రకటన ఎవరు రాశారన్నది ముఖ్యం కాదు, ఎంత దూరం చేరిందన్నదే ముఖ్యమని ఇంతకంటె స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

హజ్రత్ ముఆజ్ (రజి) సంగతి కూడా ఇటువంటిదే. ఆయన ఇషా నమాజులో సుదీర్ఘమైన సూరా పఠించసాగారు. పగలంతా నీరు తోడే ఒంటెలతో పనిచేసి అలసి వచ్చిన ఒక శ్రామికుడు నిలబడలేక జమాఅత్ నుండి తొలగి, తన నమాజు తాను చేసుకొని వెళ్ళిపోయాడు. అతనిని కొందరు తప్పుబట్టారు. విషయం దైవప్రవక్త (సఅసం) దాకా వెళ్ళింది. ఆయన మందలించినది ఆ శ్రామికుడిని కాదు, విద్వాంసుడైన ముఆజ్‌ను. వెనుక నిలబడినవారిలో వృద్ధులు, బలహీనులు, పనులున్నవారు ఉంటారని గుర్తుచేసి, చిన్న సూరాలు చదవమన్నారు. పాఠకులారా! మన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల నుండి మిరప కోతలకు గుంటూరు వలసపోయి వచ్చే కూలీలున్నారు. ఉల్లిగడ్డల మార్కెట్లో బస్తాలు మోసే హమాలీలున్నారు. ఇషా తర్వాత రాత్రి పదకొండు దాకా సాగే మష్వరాలో వారు కనబడకపోతే, ముందుగా మందలింపు పొందవలసినది ఎవరు?

ఫిఖ్ అభ్యసించినవారికి తెలిసిన ఐదు మూల సూత్రాలున్నాయి. వాటిలో ఒకటి, ఇబ్బంది ఉన్నచోట సౌలభ్యం కల్పించబడుతుందని బోధిస్తుంది. ప్రయాణికునికి నమాజు కుదింపు, నీరు దొరకనివానికి తయమ్ముమ్, నిలబడలేనివానికి కూర్చొని నమాజు — ఇవన్నీ ఆ నీడలోనివే. స్వయంగా అల్లాహ్ తన ఆరాధనలోనే దాసుని ఇబ్బందిని పరిగణనలోకి తీసుకున్నాడు. మనము మాత్రం మన కమిటీ సమావేశాల పద్ధతిని ఒక్క అంగుళమైనా కదిలించరాని ఫర్జ్‌గా భావిస్తున్నాము.

ఈ ఆలోచనలతో మేము, కమిటీ సదర్ సాహెబు, మరో ఇద్దరు కలిసి ఒక నెలపాటు ఇంటింటికీ తిరిగినాము. చందా అడగలేదు, ఉపదేశమూ చేయలేదు. ఒక్కటే ప్రశ్న: మష్వరాకు రావడంలో మీకున్న ఇబ్బంది ఏమిటి? జవాబులు విన్నకొద్దీ మాకు సిగ్గు కలిగింది. సమావేశం మేడ మీది గదిలో. మోకాళ్ళ నొప్పులున్న పెద్దలు ఎక్కలేరు. తేదీ ఎప్పుడూ చివరి క్షణంలో తెలుస్తుంది. ఎత్తుకున్న విషయం ఒకటి, సాగే చర్చ మరొకటి. మాట్లాడబోతే ఎవరో ఒకరు నవ్వుతారు, లేదా “నీకేమి తెలుసు” అంటారు. పోయిన సంవత్సరం తీసుకున్న నిర్ణయమేదో ఈ సంవత్సరం ఎవరికీ గుర్తుండదు. ఇక ఫోను గ్రూపు సంగతి: జుమా ముబారక్ బొమ్మల కింద, ఎవరో పంపిన వదంతుల కింద, జనాజా కబురు కూడా పూడిపోతున్నది. ఒక పెద్దాయన, “ఇరవై ఏళ్ళుగా నన్ను ఎవరూ అడగలేదు కాబట్టి నేను చెప్పలేదు” అన్నారు. ఒక్కరంటే ఒక్కరు కూడా తమకు ఆసక్తి లేదనలేదు.

అప్పుడు పూడికతీత మొదలుపెట్టినాము. మష్వరాను మేడ దించి కింది వరండాలోకి తెచ్చినాము. ప్రతి నెలా మొదటి ఆదివారం, మగ్రిబ్ నుండి ఇషా దాకా అని స్థిరపరచినాము. ఇషా అజాన్ వినబడగానే సభ ముగుస్తుంది. ఎంతటివారి ప్రసంగమైనా అక్కడ ఆగవలసిందే. చర్చించే విషయాలు మూడుకు మించవు. అవి ముందటి జుమా నాడే తెలుస్తాయి. అందరూ ఒకసారి మాట్లాడిన తర్వాతనే ఎవరైనా రెండవసారి మాట్లాడాలి. చిన్నవారు ముందు, పెద్దలు చివర. పెద్దలు ముందే అభిప్రాయం చెబితే, ఆ తర్వాత చిన్నవాని నోరు పెగలదు గనుక. దైవప్రవక్త (సఅసం) అవసరమైన మాటను మూడుసార్లు పలికేవారని హజ్రత్ అనస్ (రజి) తెలిపారు. ఆ సున్నత్‌ను అనుసరించి ప్రతి ప్రకటననూ మూడు మార్గాలలో చేర్చుతున్నాము: జుమా తర్వాత నోటితో, గోడ మీద పెద్ద తెలుగు అక్షరాలతో పక్కన ఉర్దూతో, ఫోనులో చదవలేనివారి కొరకు గొంతుతో.

నిర్ణయాల కొరకు ఒక రిజిస్టరు తెరచినాము. ఏమి నిర్ణయించారు, ఎవరు చేయాలి, ఎప్పటిలోగా — ఈ మూడు గడులే. ప్రతి సభా గత నెల పుటను చదవడంతో మొదలవుతుంది. దివ్య ఖుర్ఆన్‌లోని అతి దీర్ఘమైన ఆయత్, బఖరా సూరాలోని 282వది, అప్పు పత్రం రాసుకోవడం గురించినదే కదా! చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుగు చెందవద్దని అందులో హితవు ఉన్నది. రాసుకోని మష్వరా ఇసుకలో పోసిన నీరు.

ఫోను గ్రూపును రెండుగా విడదీసినాము. ఒకదానిలో ప్రకటనలు మాత్రమే, పెట్టేవారు ముగ్గురే. రెండవది చర్చకు. అక్కడ వార్త పంపేవారు అది ఎక్కడిదో చెప్పాలి. వార్తను విచారించకుండా నమ్మవద్దన్న హుజురాత్ సూరా ఆదేశమే నియమం. కడప, రాయచోటి ప్రాంతాల నుండి కువైట్ వెళ్ళిన మన సోదరులు అక్కడి నుండే ఊరి విషయాలలో పాలుపంచుకోవడానికి ఆ గ్రూపు ఇప్పుడు ఉపయోగపడుతున్నది. ఈ సందర్భంలో తెలుగువారి అనుభవం ఒకటి చెప్పుకోవాలి. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున గారి చొరవతో తెలుగు వికీపీడియా మొదలయింది. అక్కడివారు తమ చర్చాస్థలానికి ‘రచ్చబండ’ అని మన ఊరి పేరే పెట్టుకున్నారు. ఆ రోజులలో కంప్యూటరులో తెలుగు రాయడమే గగనం. ఇంగ్లీషు మీటలతోనే తెలుగు రాసుకునే ‘లేఖిని’ వంటి సాధనాలు వచ్చి ఆ దారిని సుగమం చేశాయి. చోటు పేరు ఎంత చల్లనిదైనా, అక్కడికి నడిచే దారిలో ముళ్ళు తీసినప్పుడే జనం చేరుతారు.

మా సభలో ఒక పెద్ద మనిషి ఆక్షేపించారు: “హజ్రత్, అందరికీ నోరిస్తే అదబ్ పోతుంది. తప్పుడు నిర్ణయాలు వస్తాయి.” ఆయన భయం అర్థం లేనిది కాదు. కాని ఉహుద్ యుద్ధాన్ని చూడండి. మదీనాలోనే ఉండి ఎదుర్కోవాలన్నది దైవప్రవక్త (సఅసం) మొగ్గు. యువకుల కోరిక మేరకు బయటకు వెళ్ళారు. డెబ్బైమంది షహీదులయ్యారు. ఇక సంప్రదింపులు చాలునని ఎవరికైనా అనిపించే ఘడియ అది. సరిగ్గా ఆ నేపథ్యంలోనే ఆలి ఇమ్రాన్ సూరాలోని 159వ ఆయత్ అవతరించింది. వారిని మన్నించమని, వారి కొరకు క్షమాపణ వేడుకోమని, వ్యవహారాలలో వారిని సంప్రదించమని ఆదేశించింది. ఆయనే గనుక కఠిన హృదయులై ఉంటే వారంతా చెదరిపోయి ఉండేవారని కూడా అదే ఆయత్ తెలిపింది. షూరా సూరాలో ఈ సమాలోచన ప్రస్తావన నమాజుకూ దానానికీ నడుమ వచ్చింది. నమాజుకు సఫ్ సరిచేస్తాము, జకాత్‌కు లెక్క సరిచేస్తాము. మధ్యనున్న మష్వరాను మాత్రం సరిచేయకుండా వదలివేయవచ్చునా?

స్త్రీల విషయంలో మా పని ఇంకా సగంలోనే ఉన్నదని ఒప్పుకోవాలి. హజ్రత్ ఖౌలా బిన్తె సఅలబా (రజి) తన గోడును దైవప్రవక్త (సఅసం) ముందు వాదించుకున్నప్పుడు, ఆ మాటను అల్లాహ్ ఆలకించినట్లు ముజాదలా సూరా ప్రారంభమవుతున్నది. పురుషులే మీ చుట్టూ ఉంటున్నారు, మాకూ ఒక రోజు కేటాయించండని సహాబియాత్ కోరినప్పుడు ఆయన కేటాయించారు. ఇప్పుడు మా మదరసా హాలులో నెలకొక ఆదివారం ముఅల్లిమా ఆధ్వర్యంలో స్త్రీలు కూర్చుంటున్నారు. వారు రాసి పంపిన మాట మగవారి మష్వరాలో మొట్టమొదట చదవబడుతుంది. తొలి నెలలోనే, కబ్రస్తాన్ పక్కనుండి బడికి వెళ్ళే బాటలో దీపం లేక ఆడపిల్లలు భయపడుతున్నారని రాశారు. ఆ దారిన రోజూ నడిచే మాకు ఆ చీకటి ఎన్నడూ కనబడలేదు. దీపం వెలిగింది. కాని వారు స్వయంగా చర్చలో పాల్గొనే ఏర్పాటు ఇంకా చేయలేకపోయినాము.

నేడు మష్వరాకు నలభై, యాభైమంది వస్తున్నారు. కొన్ని నెలల్లో ఇరవైకి పడిపోతారు. అప్పుడు మేము జనాన్ని నిందించక, మళ్ళీ ఎక్కడ పూడిక చేరిందో చూస్తున్నాము. పూడిక ఒకసారి తీస్తే సరిపోదు, ఏటేటా తీయవలసినదే. ఇరవై ఏళ్ళు మౌనంగా ఉన్న ఆ పెద్దాయన మాట మీదనే ఈ వేసవిలో మస్జిద్ బోరు బాగుపడింది.

మరుసటి సంవత్సరం ఫీజు సాయానికి దరఖాస్తులు పదకొండు వచ్చినాయి. ఆ అమ్మాయి దరఖాస్తు వాటిలో మొదటిది. తన చేతితో తెలుగులో రాసుకున్నది. ఇప్పుడు ఆమె డిగ్రీ చదువుతున్నది. పోయిన ఏడాదిని మాత్రం మేము తిరిగి ఇవ్వలేము. ఆ తల్లిని క్షమాపణ అడిగినాము. ఆమె, “పర్వాలేదు హజ్రత్, ఈసారి నాకు చదవడానికి వచ్చింది” అన్నది.

సోదర సోదరీమణులారా! అబస సూరాను పిల్లలకు కంఠస్థం చేయిస్తున్నాము. ఖురైష్ ప్రముఖులతో మాట్లాడుతున్న వేళ వచ్చిన ఒక అంధుని వైపు దృష్టి మళ్ళకపోవడం గురించి అవతరించిన సూరా అది. ఆ హజ్రత్ అబ్దుల్లాహ్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) తర్వాత దైవప్రవక్త (సఅసం) ముఅజ్జిన్లలో ఒకరయ్యారు. ఆయన ప్రయాణాలలో ఉన్నప్పుడు మదీనా బాధ్యతలు కూడా నిర్వహించారు. మీ మహల్లాలో కూడా అటువంటివారు గుమ్మం బయట నిలబడి ఉండవచ్చు. వచ్చే జుమా నాడు మీ మస్జిద్ గోడ మీది కాగితాన్ని ఒకసారి చూడండి. మీ పక్కింటి అమ్మ దానిని చదవగలదా? ఆమె అడగాలంటే ఎవరిని అడగాలో ఆమెకు తెలుసా? ఈ రెండు ప్రశ్నలకు జవాబు దొరికేవరకు ఎవరినీ శ్రద్ధలేనివారని అనకండి.

మన మాట చివరి ఇంటి వరకు చేరేలా, చివరి ఇంటి మాట మన చెవి వరకు చేరేలా దారులు బాగుచేసే శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! మా నిర్లక్ష్యం వల్ల నష్టపోయినవారికి అంతకంటె మేలైన ప్రతిఫలం అనుగ్రహించి, మమ్మల్ని మన్నించుగాక! ఆమీన్.